పై అధికారికి లోబడిన రోజు

మా సంఘంలో యూనిఫాం మీదే ప్రార్థనకు వచ్చే ఆడమనిషిని నేనొక్కదాన్నే. నాచారం పారిశ్రామికవాడ వెనక సందులో, పాత రేకుల షెడ్డును బాగుచేసి కట్టుకున్న చిన్న మందిరం మాది. డ్యూటీ దిగి నేరుగా వస్తే బట్టలు మార్చుకునే వీలుండేది కాదు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, తల మీద తెల్ల చున్నీ కప్పుకుని వెనక వరసలో కూర్చునేదాన్ని. పిల్లలు వాక్యం వినడం మానేసి నా బెల్టు వైపే చూసేవాళ్లు.

ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. ఇద్దరు ముగ్గురు పోలీసు పరీక్షలకు చదువుతున్నారు కూడా. మొన్న యువజన కూటంలో వాళ్లలో ఒకమ్మాయి నన్ను నిలబెట్టి అడిగింది.

"ఆంటీ, పై అధికారులకు లోబడి ఉండుమని బైబిల్ల ఉన్నది గదా. మరి ఆ అధికారే తప్పు జెయ్యమంటే ఏం జెయ్యాలె?"

నేనేదో చెప్పాను. ప్రార్థన చెయ్యాలి, జ్ఞానం అడగాలి, అలాంటి మాటలు. చిల్కానగర్‌లో ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాక ఆ జవాబు మీద నాకే రోత పుట్టింది. ఆ పిల్ల అడిగినదానికి నా దగ్గర వేరే జవాబు ఉంది. నోటితో చెప్పాలంటే మధ్యలో ఆగిపోతానని రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. నేను పనిచేసిన స్టేషన్ ఏదో కూడా అడగొద్దు. నగరానికి తూర్పు వైపున్న ఒక స్టేషన్, అంతే. మెట్రో నాగోల్ దాకా నడవడం మొదలైన తర్వాతి సంగతి.

అప్పటికి నేను హెడ్ కానిస్టేబుల్‌ని. పగలు రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని. మా ఇన్‌స్పెక్టర్ మా సంఘంలోనే పెద్ద. స్టేషన్‌లో నాకు ఆయన సార్, ఆయనకు నేను 'అమ్మా'. ఆదివారం ఆయన బ్రదర్, నేను సిస్టర్. ఈ రెండు వరసలు ఎక్కడా కలవకుండా ఇద్దరం జాగ్రత్తగా నడుపుకుంటూ వచ్చాం.

ఆయన చెడ్డవాడని రాయగలిగితే నా పని సులువయ్యేది. కానీ మా ఆయన కిడ్నీలు పాడై దవాఖానాలో ఉన్నప్పుడు డ్యూటీ అయిపోగానే వచ్చి, వరండాలో కింద కూర్చుని నాతోపాటు ప్రార్థన చేసింది ఆయనే. రక్తం కావాలంటే స్టేషన్ కుర్రాళ్లను వెంటబెట్టుకొచ్చింది ఆయనే. మా ఆయన పోయినప్పుడు పెట్టెను భుజాన మోసినవాళ్లలో ముందున్నదీ ఆయనే. స్టేషన్‌లో ఆడపిల్లల మీద వెకిలి మాట పడనిచ్చేవారు కాదు. ఎవరి దగ్గరా చెయ్యి చాపేవారు కాదు.

ఆదివారం పెద్దల బైబిల్ తరగతి ఆయనదే. ఆయనకు బాగా ఇష్టమైనది పౌలు రాసిన రోమా పత్రికలో అధికారుల గురించి ఉన్న అధ్యాయం. దేవుడు పెట్టకుండా ఏ అధికారమూ రాదు, దాన్ని ఎదిరిస్తే దేవుణ్ణి ఎదిరించినట్టే అని బల్ల గుద్ది చెప్పేవారు. ఎర్ర లైటు దాటి పోవడం కూడా పాపమేనని ఒకసారి చెప్తే, ఆ వారం మా సంఘంలో కుర్రాళ్లందరూ హెల్మెట్లు కొనుక్కున్నారు. నేనూ నవ్వుకున్నాను. ఆ బోధన నాకు నచ్చేది. యూనిఫాం వేసుకున్నదానికి ఇంతకంటే ధైర్యమిచ్చే మాట ఏముంటుంది?

నాచారంలో ఒక ఫ్యాక్టరీలో రాగి తీగ చుట్టలు పోయాయి. యజమాని ఎవరెవరితోనో ఫోన్లు చేయించాడు. రెండు రోజుల్లో పట్టుకోవాలని పైనుంచి మాట వచ్చింది. క్రైం టీం వాళ్లు ఒక పొద్దున ఒకతన్ని తీసుకొచ్చారు. వెల్డింగ్ పని చేసేవాడు. పాలమూరు వైపు మనిషి, చెంగిచెర్లలో ఒక గది అద్దెకు తీసుకుని భార్యతో, చిన్న కూతురితో ఉంటున్నాడు. అతను దొంగో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. తేల్చేంత వరకు ఎవరూ ఆగలేదు.

నా బల్ల ముందు నుంచి పోతూ ఆగాడు. "అక్కా, జర నీళ్లియ్యవా. పొద్దున్నుంచి గొంతెండిపోతున్నది."

నా సీసా ఇచ్చాను. సగం తాగి, మూతి తగిలిన చోట చొక్కా అంచుతో తుడిచి తిరిగి ఇచ్చాడు. వెనక గదిలోకి తీసుకెళ్లారు.

కాసేపటికి అతని భార్య పిల్లను చంకనేసుకుని ఆటోలో వచ్చింది. గేటు దగ్గర సెంట్రీ డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ ఆమెను అక్కడే ఆపాడు. నాకంటే చాలా చిన్నవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. లోపలి నుంచి ఎవరో టీవీ సౌండ్ పెంచమని కేకేశారు. సెంట్రీ లోపలికొచ్చి పెంచాడు. ఏదో వంటల కార్యక్రమం వస్తోంది. ఆ సౌండ్ ఎందుకు పెంచుతారో మా ఇద్దరికీ తెలుసు. నేను ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిన ఒక ముసలాయనతో మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన ఇంటి ముందు నుంచి సైకిల్ పోయిందట.

భార్యను గేటు దగ్గర ఉంచడం మంచిది కాదనుకున్నారేమో, అతని ఆధార్ కార్డు తెమ్మని ఇంటికి పంపించారు. ఆమె పరుగున పోయింది. టీవీలో కార్యక్రమం మారింది. ముసలాయన వెళ్లిపోయాడు. అప్పుడు వెనక గది తలుపు తెరుచుకుంది.

ఎస్సై, ఒక కానిస్టేబుల్ చెరో రెక్కా పట్టుకుని అతన్ని బయటికి తెచ్చారు. కాళ్లు నేల మీద ఈడుస్తున్నాయి. వెనక గేటుకు అడ్డంగా పట్టుకొచ్చిన బండ్లు పడి ఉండడంతో ముందు నుంచే, నా బల్ల పక్క నుంచే తీసుకుపోయారు. ఒక చెప్పు ఊడి నా కుర్చీ దగ్గర పడింది. సెంట్రీ దాన్ని తీసి జీపులోకి విసిరాడు. నేను డాక్టరును కాను. కానీ పాతికేళ్లు పైబడిన సర్వీసులో బావుల నుంచి, పట్టాల మీద నుంచి, ఫ్యాన్ల నుంచి దింపించిన మనుషులను చూశాను. ప్రాణం లేని తల ఎలా వాలుతుందో నాకు తెలుసు.

భార్య కార్డు పట్టుకుని వచ్చింది. చెమటతో ముఖమంతా తడిసి ఉంది.

"పంపించేసినం. ఇంటికే పోతుండొచ్చు" అన్నాడు సెంట్రీ.

"గట్లనా అక్కా? ఇడిసిపెట్టిన్రా?" అని నన్ను అడిగింది. నేను రిజిస్టరు మీదికి తల దించాను. దాన్ని ఆమె సరేనన్నట్టే తీసుకుంది. "సల్లగుండున్రి" అని చెప్పి, పిల్లకు గుమ్మంలోంచే మాకు దండం పెట్టించి, వెళ్లిపోయింది.

సాయంత్రానికి కథ తయారైంది. విచారించి పంపించేశాం, చెంగిచెర్ల రోడ్డు మీద కుప్పకూలాడు, గుండెపోటు కావచ్చు. కెమెరాలు ఎలాగూ రిపేరులో ఉన్నాయి. అతను నడుచుకుంటూ బయటికి పోయాడని చెప్పాల్సినవాళ్లం ఇద్దరమే మిగిలాం, నేనూ సెంట్రీ.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ మా ఇద్దరినీ తన గదిలోకి పిలిచారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్రపోలేదని తెలుస్తోంది.

"పిలగాండ్లు జర తొందరపడ్డరు. నేను ఆ టైముకు మీటింగ్‌ల ఉన్న. ఉంటే కానిచ్చెటోన్ని కాదు" అన్నారు. "సంపాలని సేసింది కాదు. ఇద్దరికి చిన్న చిన్న పిల్లలు. మేజిస్ట్రేట్ విచారణ ఉంటది, తప్పదు. మీరిద్దరు ఒక్క మాట మీదుండాలె. ఆయన నడుసుకుంట పోయిండు. గంతే."

సెంట్రీ తలూపాడు. నేను ఊపలేదు. అది ఆయన చూశారు. సెంట్రీని బయటికి పంపి, కుర్చీలోంచి లేచి బల్ల చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చారు.

"సిస్టర్" అన్నారు.

స్టేషన్‌లో ఆయన ఆ మాట వాడడం అదే మొదటిసారి.

"దేవుడు నన్ను నీ మీద పెట్టిండు. నువ్వు నా మాట దాటితే నన్ను దాటినట్టు కాదు, దేవున్ని దాటినట్టు. ఇది నేను జెప్పుతలేను, వాక్యం జెప్తున్నది. రేపు డిపార్ట్‌మెంట్ పరువు పోతే ఎవ్వని నోరు మూస్తవ్? ప్రభుత్వమంటే జనానికి భయం ఉండాలెనని దేవుడే గదా పెట్టిండు."

"ప్రార్థన చేసుకుంట సార్" అన్నాను.

పాస్టరు గారి దగ్గరికి పోయాను. ఆయనది గోదావరి వైపు, సౌమ్యుడు. మందిరం కుర్చీలు తుడుస్తున్నారు. నేను చెప్పిందంతా విని, గుడ్డ పక్కన పెట్టి కూర్చున్నారు.

"అమ్మా, ఈ మందిరం మీద ఎన్ని ఫిర్యాదులు వెళ్లాయో నీకు తెలుసు. ఆయన అండ లేకపోతే మనం ఇక్కడ మైకు పెట్టి ఒక్క పాట పాడలేం" అన్నారు.

"అయితే అబద్ధం చెప్పమంటరా అయ్యగారూ?"

పక్క షెడ్డులో ఇనుము కోసే చప్పుడు ఆగి మళ్లీ మొదలైంది.

"నువ్వే చదువుకోమ్మా. ఇప్పుడు నేనేం చెప్పినా నా భయం చెప్తాను. అది దేవుడి మాట అనుకుంటావు నువ్వు."

ఆ రోజు ఆ మాట నాకు పిరికి మాటలా అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు. అంత నిజాయితీగా భయపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

చదువుకున్నాను. ఇన్‌స్పెక్టర్ గారి అధ్యాయమే ముందు తీశాను. అక్కడ అధికారి దేవుడి సేవకుడని ఉంది. అంతవరకే ఆయన చెప్పేవారు. ఎందుకు సేవకుడో ఆ పక్కనే ఉంది, మన మేలు కోసమని. చెడు చేసేవాడు భయపడాలి తప్ప మంచి చేసేవాడికి భయం అక్కర్లేదని ఉంది. తర్వాత అపొస్తలుల కార్యములు తిప్పాను. అక్కడ పౌలును కొరడాలతో కొట్టి నిజం రాబట్టమని సైన్యాధికారి ఆజ్ఞ ఇస్తాడు. కట్టేస్తున్నప్పుడు పౌలు అడుగుతాడు, తీర్పు లేకుండా రోమా పౌరుణ్ణి కొట్టడానికి మీకు చట్టం ఒప్పుకుంటుందా అని. ఆ అధికారి భయపడి వెనక్కి తగ్గుతాడు.

ఎన్నిసార్లు చదివానో ఆ భాగాన్ని, ఇంతకు ముందు. ఎప్పుడూ అది వెనక గదిలా కనిపించలేదు. అధికారులకు లోబడమని రాసిన మనిషీ, అధికారిని చట్టం అడిగిన మనిషీ ఒక్కడే. లోబడడమంటే నోరు మూసుకోవడం అయితే ఆయన ఆ ప్రశ్న అడిగేవాడు కాదు.

విచారణ రోజు కోర్టు వరండాలో ముగ్గురం ఉన్నాం. సెంట్రీ ముందు రోజు నాతో, "నువ్వు నిజం జెప్తే నేను గూడ జెప్త అక్కా. ఒక్కన్నైతే నాతోటి గాదు" అన్నాడు. ఆ మాట పట్టుకునే నేను ఆ మెట్లెక్కాను. అతన్నే ముందు పిలిచారు. బయటికి వచ్చాక నా ముఖం చూడలేదు.

"ఏం జెప్పినవ్ తమ్మీ?"

"నాకింకా మస్తు సర్వీసున్నది అక్కా" అని మెట్లు దిగి పోయాడు.

ఇన్‌స్పెక్టర్ గారు అంతా చూసి నా దగ్గరికి వచ్చారు. కోపంగా లేరు. అలసిపోయి ఉన్నారు.

"ఇగ నువ్వొక్కదానివే. నువ్వు వేరే మాట జెప్పినా నడవది. ఎందుకు పరేషాన్ అయితవ్ సిస్టర్? దేవుడు పెట్టిన అధికారానికి లోబడు."

"లోబడనీకే వచ్చిన సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "లోపల కూసున్న మేడం గూడ దేవుడు పెట్టిన అధికారే గదా. మీకంటె పై అధికారి. ఆమె ముంగట అబద్ధం ఆడితే నేను ఎవ్వరికి లోబడ్డట్టు?"

"మాటలు నేర్చినవ్."

"మీ క్లాసులనే నేర్చిన సార్. తీర్పు లేకుండ కొట్టుడు చట్టమా అని పౌలే అడిగిండు. ఆ మనిషి గూడ అడిగిండొచ్చు. టీవీ సౌండుల మాకు ఇనవడలే."

ఆయన ముఖంలో ఏదో కదిలింది. ఒక్క క్షణం ఆయన తానే లోపలికి పోయి చెప్పేస్తారేమో అనిపించింది. అప్పుడే బంట్రోతు నా పేరు పిలిచాడు.

మేజిస్ట్రేట్ వయసులో చిన్న ఆవిడ. కలం పట్టుకుని నేరుగా అడిగింది.

"ఆయన నడుచుకుంటూ బయటికి వెళ్లాడా?"

"లేదు మేడం. మోసుకపోయిన్రు. అప్పటికే పాణం లేదు."

"అది మీరెలా చెప్పగలరు?"

"తల నిలవలేదు మేడం. పట్టుకున్నోళ్లు గూడ ఆయన ముఖం దిక్కు సూస్తలేరు."

ఎవరు పట్టుకున్నారో అడిగింది. చెప్పాను. చెప్పు ఊడిపడిన సంగతి, భార్యను పంపించిన సంగతి చెప్పాను. చివరికి తల ఎత్తి, "నడుచుకుంటూ వెళ్లాడని చెప్పమని మిమ్మల్ని ఎవరైనా ఒత్తిడి చేశారా?" అంది.

ఇది నేను అనుకోలేదు. కొట్టినవాళ్ల పేర్లు చెప్పడానికి సిద్ధపడి వచ్చాను. మా ఆయన పెట్టెను మోసిన మనిషి పేరు చెప్పడానికి సిద్ధపడలేదు. నీళ్లు అడిగాను. సగం తాగి గ్లాసు బల్ల మీద పెట్టాను. చెప్పాను. పేరు, హోదా, ఆయన అన్న మాటలు, అన్నీ. బయటికి వచ్చేసరికి ఆయన వరండాలో లేరు.

తర్వాత జరిగినవి ఎక్కువ రాయను. నివేదిక మా వాళ్లకు వ్యతిరేకంగా వచ్చింది. ఎస్సై మీద, కానిస్టేబుల్ మీద కేసు నమోదైంది. ఇన్‌స్పెక్టర్ కొన్నాళ్లు సస్పెన్షన్‌లో ఉండి మళ్లీ ఉద్యోగంలోకి వచ్చారు, ఆ తర్వాత ప్రమోషన్ కూడా వచ్చింది. నాకు యూనిఫాం సరిగ్గా లేదని ఒక మెమో, సెల్యూట్ సరిగ్గా చేయలేదని ఇంకొకటి. అక్కడి నుంచి తీసి బందోబస్తులకు వేశారు. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉంటే ఎండలో గేటు దగ్గర నేనే. నాగోల్ చౌరస్తాలో ఊరేగింపు పోతే తాడు పట్టుకునేది నేనే. ఎవరికీ అర్జీ పెట్టుకోలేదు. నిలబడమన్న చోట నిలబడ్డాను. అది తప్పు చెయ్యమన్న ఆజ్ఞ కాదు కదా, కాళ్లు నొప్పి పెట్టే ఆజ్ఞ అంతే. హెడ్ కానిస్టేబుల్‌గానే రిటైరయ్యాను.

మందిరంలో అంతకంటే కష్టమైంది. నా పక్కన కూర్చునే ఆవిడ రెండు వరసలు ముందుకు జరిగింది. "సొంత సహోదరుణ్ణి కోర్టుకీడ్చింది" అని ఒకాయన నేను వినేలాగే అన్నాడు. వాక్యం చదవడానికి నన్ను పిలవడం మానేశారు. అయినా పోతూనే ఉన్నాను. వేరే సంఘం చూసుకోమని మా చెల్లెలు పోరింది. పోలేకపోయాను.

కేసు ఏళ్లు నడిచింది. సెంట్రీ తన మాట మీదే ఉన్నాడు. దెబ్బలు రోడ్డు మీద పడినా తగలొచ్చని డాక్టరు చెప్పాడు. నా ఒక్కదాని సాక్ష్యం చాలలేదు. ఇద్దరినీ వదిలేశారు. ఆ రోజు కోర్టు బయట అతని భార్య కూతురితో నిలబడి ఉంది. పిల్ల స్కూల్ బట్టల్లో ఉంది, నా భుజం దాకా ఎదిగింది.

"ఏం గాకపాయె గదా చెల్లె" అన్నాను. ఆమె ముందు నిలబడడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది.

"గాలేదక్కా" అంది. ఏడవలేదు. "మా ఊర్ల అందరు తాగి రోడ్డు మీద పడి సచ్చిండన్నరు. మా అత్త గూడ గట్లనే అన్నది. కోర్టుల నువ్వు జెప్పినప్పుడు ఈ పిల్ల నా పక్కనే ఉండి ఇన్నది. నాకు మిగిలింది గా ఒక్కటే." పిల్ల తల మీద చెయ్యి వేసి, ఆటో వెతుక్కుంటూ పోయింది.

పోయిన సంవత్సరం మా ఇన్‌స్పెక్టర్ గారు రిటైరయ్యారు. అప్పటికి ఆయన పెద్ద హోదాలో ఉన్నారు. మందిరంలో కృతజ్ఞతా కూడిక పెట్టారు. పూలదండలు, శాలువాలు, బిర్యానీ. మచ్చలేని సర్వీసు ఇచ్చిన దేవునికి స్తోత్రమని ఆయన సాక్ష్యం చెప్పారు. పాస్టరు గారు తల వంచుకుని విన్నారు. తర్వాత, అధికారుల కోసం ప్రార్థన చేయమని లేఖనం ఆజ్ఞాపిస్తోందనీ, ఎవరికి ప్రేరేపణ కలిగితే వాళ్లు ఆయన కోసం ప్రార్థన చేయవచ్చనీ అన్నారు.

ఇద్దరు ముగ్గురు చేశారు. ఆరోగ్యం కోసం, పిల్లల చదువుల కోసం. తర్వాత ఎవరూ లేవలేదు. నేను లేచాను. లేవాలని అనుకుని రాలేదు.

ముందు ఆయన మా ఇంటికి చేసిన మేలుకు స్తోత్రం చెప్పాను. అది నిజం కాబట్టి చెప్పాను. తర్వాత ఆగాను. అయిపోయిందనుకుని, పాట ఎత్తుకోవడానికి ఎవరో కంజీర సవరించడం వినిపించింది.

"ప్రభువా, సచ్చిపోయిన ఆ తమ్మునికి ఒక బిడ్డ ఉన్నది" అన్నాను. "మా బ్రదర్ ఇప్పుడు ఎవ్వరికి అధికారి కాదు, ఆయన మీద గూడ ఎవ్వరు లేరు, నువ్వు తప్ప. ఆ బిడ్డ ముంగటికి పోయి నిజం జెప్పేటంత ధైర్యం ఆయనకియ్యి. సచ్చేలోపల ఇయ్యి."

కూర్చున్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరు గారి పెదవులు కదిలాయి గాని శబ్దం రాలేదు. ఇన్‌స్పెక్టర్ గారు దండలతోనే, తల వంచుకుని, కదలకుండా కూర్చున్నారు.

అప్పుడు ఆడవాళ్ల వైపు ముందు వరసలోంచి, చాలా మెల్లగా, ఒక గొంతు ఆమెన్ అంది. అందరూ అటు తిరిగి చూశారు. అది ఆయన భార్య.